పుదుచ్చేరి రిజిస్టర్లు: చూడడం ఉచితం, చదవడం ఎవరికి?

మన సంప్రదాయంలో వంశజ్ఞానం సాధారణంగా మూడు తరాలకు పరిమితం. తర్పణం విడిచే వేళ తండ్రి, తాత, ముత్తాతల పేర్లు చెప్పగలిగితే కర్మ నడుస్తుంది. అంతకు పైన అడిగేవారు లేరు. జమీందారులకు, పండిత కుటుంబాలకు వంశావళులు ఉన్నవి. సేద్యగాండ్రకు, నేతగాండ్రకు, కూలీలకు అటువంటివి లేవు. ఈ లోటును ఇంటర్నెట్టు తీర్చినదని, ఇంట కూర్చుని పైసా ఖర్చు లేకుండా పూర్వుల వివరాలు తెలుసుకోవచ్చునని నేడు తరచుగా వినవస్తున్నది. ఈ మాటలో సగమే నిజం. మిగిలిన సగం నిజం కావాలంటే పుదుచ్చేరి చేయవలసిన పని ఒకటి ఉన్నది. అది చేయకుండా ఉచిత సౌకర్యాన్ని పొగడడం ఆత్మవంచన.

ముందుగా నిజమైన సగాన్ని చూద్దాం. ఫ్రెంచి ఏలుబడిలో ఉన్న పుదుచ్చేరి, కారైకాల్, మాహే, యానాం ప్రజలు ఈ విషయంలో ఇతర భారతీయుల కన్న అదృష్టవంతులు. మన దేశంలో జనగణన ద్వారా పూర్వులను వెదకడం సాధ్యం కాదు. 1948 నాటి జనగణన చట్టం 15వ సెక్షను వ్యక్తుల వివరాలను గోప్యంగా ఉంచినది. జనన మరణాల నమోదుకు దేశమంతటికీ ఒకే చట్టం 1969లో గాని రాలేదు. ఫ్రెంచివారు మాత్రం జననం, వివాహం, మరణం అనే మూడింటినీ పుస్తకాలకెక్కించే పద్ధతిని తమ వలస ప్రాంతాలకు కూడా తెచ్చారు. ఆ రిజిస్టర్ల నకళ్ళను ఫ్రాన్సుకు పంపవలసినదని 1776 జూన్‌లో అక్కడి రాజు శాసనం చేశాడు. ఆ విధంగా సముద్రం దాటిన నకళ్ళు నేడు ఎక్స్-ఆన్-ప్రోవాన్స్ నగరంలో, ఫ్రాన్సు పూర్వ వలసల జాతీయ పత్రభాండాగారంలో ఉన్నవి. ఆ సంస్థ పాత పుస్తకాల పుటలను ఫోటోలు తీయించి ఇంటర్నెట్టులో ఉంచినది. చూడడానికి రుసుము లేదు. మన జాతీయ అభిలేఖాగారం కూడా 2015లో 'అభిలేఖ్ పటల్' అనే ద్వారాన్ని తెరిచినది. అమెరికాలోని ఒక క్రైస్తవ సంఘం నడిపే 'ఫ్యామిలీసెర్చ్'లో హరిద్వారం పండాల బహీల ప్రతులు సైతం ఉచితంగా చూడవచ్చును.

ఇక లేని సగం. పుదుచ్చేరి వీధిలో నివసించే ఒక తెలుగు గృహస్థు తన ముత్తాత వివాహ నమోదును వెదకబోయినాడనుకొందాం. ఎక్స్ నగరపు పుటలలో అతడు ప్రధానంగా ఊరు, సంవత్సరం ఆధారంగా పుస్తకాన్ని తెరచి, ఒక్కొక్క పుటను తిప్పవలసి ఉంటుంది. ఆ పుట పాత ఫ్రెంచిలో, గుమాస్తా గొలుసుకట్టు రాతలో ఉంటుంది. అందులో తన ఇంటి పేరు తాను పలికే రూపంలో కనబడదు. లక్ష్మి 'లాచుమి' అవుతుంది. సుబ్బరాయడు 'సుప్రాయ' అవుతాడు. వెంకటాచలం తమిళ ఉచ్చారణ మీదుగా సాగి, గ్వాడెలూప్ దీవిలో 'వింగడసాలోం' అనే ఇంటిపేరుగా స్థిరపడినది. మనకు ఇంటిపేరు ముందు, పిలుపుపేరు వెనుక. ఫ్రెంచి పద్ధతి దీనికి భిన్నం కావడంతో వలస వెళ్ళిన మనిషి సొంత పేరే అతని సంతతికి వంశనామమైపోయినది. అసలు ఇంటిపేరు ఆ తరంతోనే లుప్తమైనది.

పేరు మారడానికి చట్టమే కారణమైన సందర్భం కూడా ఉన్నది. 1881 సెప్టెంబరు 21 నాటి డిక్రీ ప్రకారం స్వీయ ధర్మశాస్త్రాన్ని వదులుకొని ఫ్రెంచి సివిలు చట్టాన్ని స్వీకరించిన భారతీయులు కొత్త వంశనామం ఎంచుకొన్నారు. పుదుచ్చేరి న్యాయవాది పొన్నుతంబి పిళ్ళె ఆ విధంగా 'లాపోర్త్' అయినాడు. ఇటువంటి కుటుంబాల వారు నేటి పేరుతో వెదికితే 1881 వద్ద దారి తెగిపోతుంది. పాత పేరును కొత్త పేరుతో కలిపే పట్టిక ఉంటేనే ముందుకు సాగగలరు.

ఇది పుదుచ్చేరి పట్టణానికే పరిమితమైన సమస్య కాదు. 1828లో యానాం నుండి ఒక చిన్న తెలుగు కూలీల బృందం రీయూనియన్ దీవికి చేరినది. 1853లో 'ఒరేలీ' అనే ఓడ మార్టినీక్‌కు, 1854 డిసెంబరులో గ్వాడెలూప్‌కు భారతీయ కూలీలను చేర్చినది. ఆనాడు వెళ్ళినవారి సంతతి నేడు తమ ఊరి పేరు కోసం వెదకుతున్నది. వారి చేతిలో ఉన్నది ఫ్రెంచి అక్షరాలలో వికృతమైన ఒక పేరు మాత్రమే. దాని వెనుక ఉన్న తెలుగు పేరును గుర్తించగలవారు మనమే.

పట్టిక చేయడం అసాధ్యమని అనువారు ఉన్నారు. 1860 నుండి 1911 వరకు దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు 1,52,184 మంది భారతీయ కూలీలు ఓడలలో చేరారు. వారి పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, జిల్లా, గ్రామం నమోదైన ఓడ జాబితాలను అక్కడి పరిశోధకులు కంప్యూటరుకెక్కించారు. భారతదేశంలో జీవించిన బ్రిటిషు కుటుంబాల వివరాలనైతే ఇంగ్లండులోని ఒక స్వచ్ఛంద సంఘం పేరు పేరునా సూచీకరించి ఉచితంగా అందిస్తున్నది. పాలించిన వారి సమాధిరాతలు ఒక్క క్షణంలో దొరుకుతున్నవి. పాలితుల పేర్లు మాత్రం పుటల ఫోటోలలో మరుగుపడి ఉన్నవి. ఈ తారతమ్యానికి కారణం సాంకేతిక లోపం కాదు, పూనుకొన్న వారు లేకపోవడమే.

వంశచరిత్ర కులగర్వాన్ని పెంచుతుందన్నది రెండవ ఆక్షేపణ. నిజానికి గర్వించదలచిన వారికి రిజిస్టర్లతో పనిలేదు. ద్విభాషి ఆనందరంగ పిళ్ళె దినచర్య రాసుకొన్నాడు. తెలుగు కవి కస్తూరి రంగకవి ఆయన పేర 'ఆనందరంగరాట్ఛందము' రచించాడు. అటువంటి వారి చరిత్ర నిలిచే ఉన్నది. ఆ కాలపు పట్టణంలో బట్టలు నేసిన వారికి, బరువులు మోసిన వారికి దినచర్యలు లేవు, కృతులు లేవు. తరువాతి కాలంలో అటువంటి వారి పేర్లను, వారి స్త్రీల పేర్లను కూడా, నిలిపి ఉంచినవి ఈ రిజిస్టర్లే. తర్పణంలో తల్లివైపు వారిని తలచినా, కాగితంపై వారి పేర్లు రాసినవారు అరుదు. రిజిస్టరులో తల్లి పేరు కూడా ఉంటుంది.

గోప్యత మూడవ ఆక్షేపణ. ఇది సమంజసమైనది. ఫ్రాన్సు చట్టంలో జనన, వివాహ నమోదులకు 75 సంవత్సరాల గడువు ఉన్నది. మనమూ అదే గడువు పాటించవచ్చును. జీవించి ఉన్నవారి వివరాలను బయటపెట్టమని ఎవరూ కోరడం లేదు.

చేయవలసినది స్పష్టం. పుదుచ్చేరిలో జాతీయ అభిలేఖాగారపు శాఖ 1979 నుండి ఉన్నది; విశ్వవిద్యాలయం ఉన్నది; ఫ్రెంచి పరిశోధనాలయం 1955 నుండి ఉన్నది. 1965 నాటి అధికార భాషా చట్టం యానాంలో తెలుగుకు స్థానం ఇచ్చినది. కనుక చిన్నదైన యానాం రిజిస్టర్లతో మొదలుపెట్టి, ప్రతి పేరును ఫ్రెంచి రూపంతో పాటు తెలుగు, తమిళ, మలయాళ లిపులలో ఇచ్చే సూచిని తయారు చేయించాలి. దానిని ప్రభుత్వమే ఉచితంగా ప్రకటించాలి. మనం ఆలస్యం చేస్తే ఈ పనిని చందా వసూలు చేసే వ్యాపార సంస్థలు చేస్తాయి; అప్పుడు మన తాతల పేర్లను మనమే కొనుక్కోవలసి వస్తుంది.

ఆలస్యానికి మరొక మూల్యం కూడా ఉన్నది. 1954 నవంబరు 1న ఫ్రెంచి పాలన ముగిసేనాటికి బడులలో ఫ్రెంచి చదివి, ఆ గొలుసుకట్టు రాతను పోల్చుకోగల తరం నేడు ఎనభై ఏళ్ళకు చేరువై గాని, దాటి గాని ఉన్నది. ఏ 'సుప్రాయ' ఏ వీధి సుబ్బరాయడో చెప్పగలవారు వారే. పుటల ఫోటోలు ఎక్స్ నగరంలో భద్రంగానే ఉంటాయి. వాటిని చదివి చెప్పగల పెద్దలు మనకు ఎంతో కాలం ఉండరు. సూచి తయారీ వారు ఉండగానే ఆరంభం కావాలి.