పైలటుకు నష్టమేమున్నది అనువారికి

ఒక చిన్న విమానసంస్థను పెద్దసంస్థ యొకటి కొనబోవుచున్నదన్న వార్త పొక్కినప్పుడెల్ల పత్రికల వ్యాపారపుటలలోను, చదువుకొన్నవారి సంభాషణలలోను ఒకే మాట వినవచ్చును. ఇది వాటాదారులు చూచుకొనవలసిన వ్యవహారము, ముందుగా టికెట్టు కొన్నవారు కొంత కలతపడిన పడవచ్చును గాని పైలటుకు నష్టమేమున్నది, చేత లైసెన్సున్నవానికి యజమాని ఎవరైన నొకటియే, పెద్దసంస్థలో కలిసినచో పెద్దవిమానమే దొరకును, అది గిట్టనిచో మరియొక చోటికి పోవును, పైలట్ల కరవు లోకమంతట నున్నది గదా అని. కార్మికులయెడ సానుభూతి గల మిత్రులు సైతము ఈ మాట ననుచుండగా వింటిని. ఎద్దుపుండు కాకికి నొప్పియా అన్నట్లున్నది వారి నిశ్చింత. ఈ యభిప్రాయము మూలమునుండియు తప్పని నా నమ్మకము. జరుగబోవు అన్యాయమునకు ముందుగానే సమ్మతిపత్రము వ్రాసి యిచ్చు మాట యిది.

పైలటు వృత్తిలో జీతముకంటె విలువైన ఆస్తి యొకటి కలదు. అది సీనియారిటీ జాబితాలో అతని వరుససంఖ్య. ఏ యూరు బేసుగా నుండవలెను, ఏ విమానము నడుపవలెను, కుడి ఆసనమునుండి ఎడమ ఆసనమునకు, అనగా కో-పైలటు స్థానమునుండి కెప్టెను స్థానమునకు, ఎన్నడు మారవలెను, సంక్రాంతికో క్రిస్టమసుకో ఇంట నుండగల్గుట ఎవరికి సాధ్యము, వ్యాపారము తగ్గినప్పుడు ముందుగా ఇంటికి పోవలసినవాడెవడు అను ప్రశ్నల కన్నిటికిని అమెరికా విమానసంస్థలలో సమాధానము ఆ యొక్క అంకెయే. పదునైదేండ్లు పనిచేసిన వైద్యుడు మరియొక ఆసుపత్రిలో చేరినచో ఆ పదునైదేండ్లును అతని వెంట వచ్చును. అక్కడి పైలటుకు రావు. గంటలెన్ని నడిపినవాడైనను నిన్న చేరిన యువకుని వెనుక నిలువవలసినదే. మనదేశమున అనుభవజ్ఞులను నేరుగా కెప్టెనులుగా చేర్చుకొను ఆచారము కొంత యున్నది గాని, చేరిన తేదీకి గల విలువ ఇక్కడను తక్కువైనది కాదు.

ఈ సంగతి తెలిసినవానికి వదంతియే ఒక నష్టమని బోధపడును. కొనుగోలు జరుగునో లేదో తెలియదు, జరిగినచో తనను ఎక్కడ కూర్చుండబెట్టుదురో తెలియదు, నేడే మరియొక సంస్థకు పోయినచో ఇక్కడి వరుస పోవును, ఆరునెలలు ఆగి పోయినచో అక్కడ తనకు ముందు వందమంది చేరియుందురు. ముందుకు పోయిన గొయ్యి, వెనుకకు పోయిన నుయ్యి. యజమానుల మధ్య బేరము కుదురకపోయినను వారికి పోయినది కొంతకాలము మాత్రమే. ఆ కాలమున ఆగి చూచిన పైలటు కోల్పోయిన వరుస మరల రాదు.

నాకు తెలిసిన యొక యువకుడు ఏ.టి.ఆర్. విమానములపై కో-పైలటుగా నుండెను. శిక్షణకై తండ్రి పొలము తాకట్టు పెట్టినాడు. వారి సంస్థను ఎవరో కొనబోవుచున్నారన్న మాట మొదలైన పిదప ఒక సాయంకాలము వారింటికి పోతిని. భోజనపుబల్లపై నీలియట్ట లాగ్‌బుక్కు తెరిచియుండెను. కడపటి పుటలో తాను దిగిన ప్రతి ల్యాండింగు ప్రక్కన పెన్సిలుతో సన్నగా ఒక్కొక్క తేదీ వ్రాసికొనియుండెను. అది దిగిన తేదీ కాదు, దానికి తొంబది దినముల తరువాతి తేదీ. తొంబది దినములలో మూడు టేకాఫులు, మూడు ల్యాండింగులు లేనివాడు ప్రయాణికులను ఎక్కించుకొని ఎగురరాదు. విమానములు ఒక్కటొక్కటిగా నేలబట్టుచుండ, రోస్టరులో అతని పేరు అరుదగుచుండ, ఆ పెన్సిలు తేదీలు దగ్గరపడుచుండెను. "కొనువారు వచ్చుచున్నారట, ఈ సమయమున విడిచిపోవుట తెలివియా అండీ?" అని నన్నడిగెను. నేనేమి చెప్పగలను? కొనువారు రాలేదు.

ఎక్కడికైన పోవచ్చునన్న వాదము చూడుడు. ఏ.టి.ఆర్. నడుపువాడు రేపే ఎయిర్‌బస్సు నడుపజాలడు. దానికి వేరుగ టైప్ రేటింగు, అనగా ఆ రకపు విమానమునకు ప్రత్యేకానుమతి, కావలెను, అందుకు లక్షలు వ్యయము కావలెను. ఇక 2017లో మన పౌరవిమానయాన డైరెక్టరేటు విధించిన నియమము ననుసరించి రాజీనామా యిచ్చిన కెప్టెను ఏడాదియు, కో-పైలటు ఆరునెలలును నోటీసుకాలము పనిచేయవలెను. విమానములు అర్ధంతరముగ రద్దయి ప్రయాణికులు ఇబ్బందిపడరాదని దాని యుద్దేశము. ఉద్దేశమును నేను నిందింపను. కాని ఏడాదిపాటు కదలరాదని శాసనము చేసి, ఎక్కడికైన పోవచ్చునుగదా యని ఓదార్చుట ఏమి న్యాయము?

పెద్దసంస్థ యన్న పెద్దభద్రత యనువారు ఎక్స్‌ప్రెస్‌జెట్ చరిత్ర చదువవలెను. అమెరికాలో ప్రాంతీయ విమానసంస్థలు సాధారణముగ తమ పేరున టికెట్టు అమ్మవు. డెల్టా, యునైటెడ్, అమెరికన్ వంటి పెద్దసంస్థల రంగులు పూసికొని, వాని ఒప్పందములపై, డెబ్బదియారు సీట్లకు మించని విమానములు నడుపును. కావున అక్కడ ప్రాంతీయసంస్థను కొనుట యనగా ప్రధానముగ ఆ ఒప్పందములను కొనుట. యూటా రాష్ట్రపు స్కైవెస్ట్ 2005లో అట్లాంటిక్ సౌత్‌ఈస్ట్‌ను, 2010లో ఎక్స్‌ప్రెస్‌జెట్‌ను కొని ఆ రెంటిని ఒకటిగా కలిపినది. కాని స్కైవెస్ట్ సొంత పైలట్ల జాబితా వేరుగనే యుండెను. యజమాని యొక్కడే, జాబితాలు రెండు. ఆనాడు పెద్దనీడకు చేరితిమని సంతోషించినవారు లేకపోలేదు. 2019లో ఆ యజమానియే ఎక్స్‌ప్రెస్‌జెట్‌ను అమ్మివేసెను. 2020లో యునైటెడ్ తన చిన్నవిమానముల పనిని మరియొక సంస్థ కిచ్చెను. ఆ సెప్టెంబరుతో ఎక్స్‌ప్రెస్‌జెట్ చేతిలోని ఆ పని ముగిసెను. మరుసటి యేడు రీనో నగరమునుండి స్వయముగ ఎగిరిన చిన్నప్రయత్నము 2022 ఆగస్టున దివాలాలో అంతరించెను. దూరపు కొండలు నునుపు.

అయినను ఆ దేశము ఒకటి నేర్చుకొన్నది. 2001లో టి.డబ్ల్యు.ఏ. అను విమానసంస్థను అమెరికన్ ఎయిర్‌లైన్స్ కొన్నప్పుడు టి.డబ్ల్యు.ఏ. పైలట్లలో అనేకులను జాబితా అడుగున చేర్చిరి. ఆ యేటి సెప్టెంబరు 11 దాడుల తరువాత ఉద్యోగముల కోత వచ్చినప్పుడు అడుగున నున్నవారే ముందు వెళ్లిరి. టి.డబ్ల్యు.ఏ.కు కేంద్రమైన సెయింట్ లూయిస్ నగరము మిజూరీలోనిది. ఆ రాష్ట్ర సెనేటర్లు మెకాస్కిల్, బాండ్ వేర్వేరు పక్షములవారయ్యు కలిసి 2007 డిసెంబరున ఒక శాసనము తెచ్చిరి. రెండు సంస్థలు కలిసినప్పుడు సీనియారిటీ జాబితాలను న్యాయముగ, సమముగ కలుపవలెను, ఒడంబడిక కుదురనిచో మధ్యవర్తి తీర్పు చెప్పవలెను అని దాని సారాంశము. ఆ సూత్రమునకు మూలము 1972లో రెండు ప్రాంతీయసంస్థలు, అలెఘెనీ, మొహాక్ అనునవి, విలీనమైనప్పటి రక్షణనిబంధనలు. ఎక్స్‌ప్రెస్‌జెట్ కథ ఈ శాసనము వచ్చిన తరువాతిదే గదా యందురేమో. ఒప్పందము చేజారిన సంస్థను ఏ శాసనమును నిలుపజాలదు; విలీనములో పైలటు వరుసను మాత్రము అది కాపాడగలదు.

మనకట్టి శాసనము లేదు. 2025 వరకు అమలులోనుండిన 1947నాటి పారిశ్రామిక వివాదముల చట్టము, సంస్థ చేతులు మారినప్పుడు ఉద్యోగము తెగినను, షరతులు తగ్గినను పరిహారమీయవలెనని చెప్పినది గాని రెండు జాబితాలలో ఎవరు ఎవరికి ముందో చెప్పలేదు. ఆ లోపమునకు మూల్యము ఎయిరిండియా చెల్లించినది. 2007లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌తో విలీనము ముగించి, పైలట్ల సంగతి తరువాత చూతమనిరి. ఉద్యోగుల వరుసల చిక్కు తీర్చుటకు నాలుగేండ్ల పిదప గాని ధర్మాధికారి కమిటీని వేయలేదు. 2012లో డ్రీమ్‌లైనరు అను కొత్త విమానముపై శిక్షణ ఏ పాతసంస్థ పైలట్లకన్న వివాదముపై ఏబదియెనిమిది దినములు సమ్మె నడిచెను. 2024లో ఎయిరిండియాలో విస్తారా సంస్థ విలీనమునకు ముందు స్థిరవేతనమును డెబ్బది గంటలకు బదులు నలుబది గంటలకు లెక్కగట్టిన కొత్త ఒప్పందమును పైలట్ల ముందుంచిరి. మార్చి చివర, ఏప్రిల్ మొదట విస్తారా విమానములు వరుసగ రద్దయ్యెను. అప్పుడును పైలట్ల అత్యాశ యనినవారే యెక్కువ.

మన హైదరాబాదు సంస్థ ట్రూజెట్ 2015 జులైలో ఎగిరినప్పుడు, 2017 ఏప్రిల్ 27న ఉడాన్ పథకము క్రింద కడపకు విమానము సాగినప్పుడు ఎంత సంబరపడితిమి! 2021లో వాటా కొనుగోలు ప్రకటన వచ్చెను. 2022 ఫిబ్రవరిలో ఆ విమానములు ఆగిపోయెను. కడపకు విమానము పోయెనని వ్రాసినవారు పెక్కండ్రు. ఆ ప్రకటనకును ఆగిపోవుటకును నడుమ గడచిన నెలలలో కాక్‌పిట్టులోని వారేమైరని అడిగినవారు అరుదు.

ఇట్టి రక్షణలు పెట్టినచో కొనువాడు వెనుదీయును, సంస్థ చచ్చుటకంటె ఎవరో కొనుట మేలుగదా యని కొందరందురు. విమానముల అద్దెబాకీలు, ఇంధనపు అప్పులు, విమానాశ్రయపు బకాయిలు అన్నియు సంతకమునకు ముందే లెక్కగట్టి కొనువాడు, పైలట్ల వరుస యొక్కటి లెక్కగట్టవలసివచ్చిన వెనుదీయునని నేను నమ్మను. నేను కోరునది రెండు. విలీనపత్రముపై సంతకమునకు ముందే జాబితాలు కలుపు పద్ధతియు, మధ్యవర్తియు నిర్ణయము కావలెను. అమ్మకపు ప్రకటన వెలువడిన దినమునుండి ఆ సంస్థ పైలట్లకు ఏడాది, ఆరునెలల నోటీసుకాలమును ఒక్కనెలకు తగ్గించి, పోదలచినవానిని వరుస చెడకముందే పోనీయవలెను.