గాలి ఫిరంగికి సిలిండర్ ఎందుకండీ?

పై వీడియోలో గాలి ఫిరంగి పేలడం చూశారు కదా. ఇది చూసిన ప్రతి ఒక్కరూ గొట్టం ఎంత పొడవు, వాల్వు ఏ సైజు అనే అడుగుతారు. గాలి ఎక్కడి నుంచి తెస్తున్నావని మాత్రం అడగరు. నన్నడిగితే డబ్బు వృథా అయ్యేదీ, చేతులు కాలేదీ అక్కడే.

కార్బైడ్ గొట్టాల గురించి ఎక్కువ చెప్పను. 2025 దీపావళికి మధ్యప్రదేశ్‌లో వందమందికి పైగా, అందులోనూ ఎక్కువమంది పిల్లలు, కళ్లు దెబ్బతిని ఆసుపత్రుల పాలయ్యారు. కోతుల కోసమని మన చేలల్లో కూడా అవే గొట్టాలు తిరుగుతున్నాయి. వాటిని వదిలేసి గాలి వైపు రావడం మంచిదే. అయితే వచ్చేవాళ్లు నేరుగా పెద్ద సిలిండర్ దగ్గరికే పోతున్నారు, నా బాధ అది.

సరదాకి చేసేవాళ్లు దీంతో కాగితం ఉండలు, విత్తన బంతులు విసురుతారు. నేను యాసంగి జొన్న పాలకంకి మీదున్నప్పుడు పిట్టల్ని లేపడానికి వాడతా. గొట్టంలో ఏమీ పెట్టను. మూతికి పాత న్యూస్‌పేపర్ రెండు పొరలు బిగించి కడతా, అది చిరిగే చప్పుడే కావాల్సింది. మంచె ఎక్కి వడిసెల తిప్పిన తాతలు చేసిన పనే ఇది, కాకపోతే భుజం నొప్పి లేదు.

ఇప్పుడు లెక్కకొద్దాం. గాలి నింపే గది 2 లీటర్లు అనుకోండి, ఒత్తిడి 40 పీఎస్ఐ. అంటే ట్రాక్టర్ ట్రాలీ టైరుకి పట్టేదానికంటే తక్కువే. ఒక్క పేలుడుకి బయటి గాలి సుమారు ఐదున్నర లీటర్లు కావాలి, అంతే. సైకిల్ పంపు ఒక్కసారి తోస్తే పావు లీటరు పైనే పోతుంది. ఇరవై, పాతిక సార్లు కొడితే ఫిరంగి రెడీ. ఆదివారం పిల్లలతో సరదాకి అయితే ఇంతకు మించి ఏదీ కొనొద్దు. పైగా పంపుకి ఒక మంచి గుణం ఉంది: చేయి అలిసిపోతుంది కాబట్టి ఒత్తిడి హద్దు దాటడం అంత తేలిక కాదు.

రోజూ చేలో వాడాలంటే పంపు చాలదు. పొద్దున, సాయంత్రం కలిపి ముప్పై పేలుళ్లంటే 165 లీటర్ల గాలి. దీనికి నా ఓటు కారు టైర్లకు కొట్టే 12 వోల్టుల ఇన్‌ఫ్లేటర్‌కే. రెండు మూడు వేలలో వస్తుంది. కరెంటు కోసం వెతుక్కోవక్కర్లేదు, జీవామృతం, కషాయాలు కొట్టే మన స్ప్రేయర్ బ్యాటరీ ఉంది కదా. 12 ఏహెచ్ బ్యాటరీ అయితే, ఇన్‌ఫ్లేటర్ 10 ఆంపియర్లు లాగుతుందనుకుంటే, ఈ పనంతటికీ పోయేది రెండు ఏహెచ్ చిల్లర. మిగిలినదాంతో పిచికారీ కూడా చేసుకోవచ్చు. స్ప్రేయర్ లోపలి వైరు మాత్రం సన్నగా ఉంటుంది, దానికి తగిలించకండి. బ్యాటరీ నుంచి నేరుగా లావు వైరు, మధ్యలో 15 ఆంపియర్ల ఫ్యూజు. ఆ చిన్న మోటారు వేడెక్కుతుంది, పది నిమిషాలు నడిపితే పది నిమిషాలు ఆపండి.

నింపేదాకా ఆగలేం అంటే మధ్యలో 10 లీటర్ల స్టీల్ ట్యాంకు పెట్టుకోండి. 100 పీఎస్ఐకి నింపితే ఏడు పేలుళ్లు వరసగా వస్తాయి. ట్యాంకుకి సేఫ్టీ వాల్వు, దాని నుంచి ఫిరంగికి మధ్య రెగ్యులేటర్ తప్పనిసరి. పంక్చర్ షాపు కంప్రెసర్ గట్టిదే గానీ గట్ల మీద ఎవరు మోస్తారు?

ఇక సీఓటూ సిలిండర్. చిన్నది, తేలిక, వందల పేలుళ్లు అంటారు. నిజమే. కానీ 20 డిగ్రీల దగ్గరే దాని లోపల సుమారు 830 పీఎస్ఐ ఉంటుంది, మే ఎండలో ఇంకా పెరుగుతుంది. మనకు కావాల్సింది 40. మధ్యలో ఉన్న రెగ్యులేటర్ ఒక్కటి మొరాయించిందంటే ఆ ఒత్తిడంతా మీ ఒళ్లో ఉన్న గదిలోకే వస్తుంది. పాత వంటగ్యాస్ సిలిండర్‌నో, ఏసీ మెకానిక్ పారేసిన గ్యాస్ డబ్బానో గాలి ట్యాంకుగా మార్చి ఇస్తామనేవాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు. మొదటిదాంట్లో మిగిలిన గ్యాసు గాలితో కలిస్తే నిప్పురవ్వ చాలు. రెండోది పల్చటి రేకు, ఒకసారి వాడి పారేయడానికే చేసింది.

పీవీసీ గురించి ఒక మాట. “6 కేజీల పైపు అన్నా, 40 పీఎస్ఐ అంటే మూడు కేజీలు కూడా లేదు” అంటారు. లెక్క కరెక్టే. కానీ పైపు మీదున్న ఆ అంకె నీళ్లకి, 27 డిగ్రీల దగ్గర చెప్పింది. నీళ్లున్న పైపు పగిలితే కారుతుంది. గాలి స్ప్రింగులా నొక్కుకుని ఉంటుంది, పగిలితే ముక్కలు ఎగురుతాయి. ఎండలో రెండేళ్లు పడున్న పైపు ఎలా పెళుసెక్కుతుందో మీకు నేను చెప్పాలా! ముందు గొట్టానికి పీవీసీ పెట్టుకోండి, దాని మూతి తెరిచే ఉంటుంది. గాలి నిల్వ ఉండే గది మాత్రం స్టీలే.

పిట్టలు తెలివైనవి, ఒకేచోట పేలిస్తే నాలుగో రోజుకి లెక్కచేయవు. ఫిరంగి జాగా మారుస్తూ ఉండండి. మోసుకు తిరగ్గలిగేది కావాలని నేను పట్టుబట్టేది అందుకే. ట్యాంకు వాడేవాళ్లు సాయంత్రం ఇంటికెళ్లే ముందు గాలంతా వదిలేసి, అడుగున ఉన్న కాక్ తిప్పి నీళ్లు దించండి. రోజూ కొంచెం వస్తాయి, అవి ఉంటే ట్యాంకు లోపల్నుంచి తుప్పు పడుతుంది, పైకి రంగు బాగానే కనిపిస్తుంది.