మట్టిముద్దలో మనస్సు



ప్లాస్టరుతో చేసిన వినాయక విగ్రహములు కూడదని 2020లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి నియమములు వెలువరించినది మొదలు మా యింట మట్టి వినాయకులను మేమే చేసికొనుట వాడుకయైనది. భాద్రపద శుద్ధ తదియనాడు మట్టి తడిపి, తలకొక ముద్ద పంచుదుము. ఆపై ఎవరి స్వభావము వారి వ్రేళ్లలో కనబడును.

క్రిందటి యేడు మా పెద్దవాడు వీధిలోకెల్ల పెద్ద స్వామిని చేయబూని మూరెడు బొజ్జ నిలిపెను. పైన ఎండి లోపల తడియారక అది బీటలు వాఱెను. అమ్మాయి తొండమొక్కటే గంటసేపు దిద్దెను. చెవులకు ప్రొద్దు చాలలేదు. చిన్నవాడు స్వామిని మఱచి అయిదెలుకలను చేసెను. వారి తండ్రిగారు తమ ముద్దను ముట్టక అందఱి బొమ్మలకును వంకలు పెట్టిరి. అత్తగారు మాత్రము బొటనవ్రేలంత స్వామిని చేసి, గురివిందగింజలు కన్నులుగా నద్ది, చేతులు కడుగుకొని లేచిరి.

మేము నవ్వుకొనుచు "వీడు గొప్పలవాడు, ఇది నిదానస్థురాలు" అని పేరులు పెట్టితిమి. ఆ యేడే కాపురమునకు వచ్చిన మా తోడికోడలు గడపకడ నిలుచుండి చూచుచుండెను. "ఈమెకు చేతిపని రాదు కాబోలు" నని ఆమె వినునట్లే యంటిమి.

నాటిరాత్రి ఉండ్రాళ్లకు రవ్వ సిద్ధము చేసి యివతలికి రాగా, దీపము కడ ఆమె కూర్చుండి యుండెను. మట్టిని పలుచగా కలిపి, తడివ్రేలితో బీటలను పూడ్చుచుండెను. ఊడిన తొండమును, అది యతుకవలసిన చోటును పుల్లతో గీచి, నడుమ చీపురుపుల్ల గ్రుచ్చి యతికించెను. బొమ్మలన్నిటిని గాలి తగులని మూలకు చేర్చెను. "ఇంత నేర్పు గలదానవు, నీవేల చేయలేదు చెల్లీ?" అని యడిగితిమి.

"నాకెవ్వరును ముద్ద నీయలేదక్కా" అనెను.

ముద్దలు పంచినది మా చేతులే. తెల్లవాఱి పిల్లలు తమ బొమ్మలు నిలిచినవని గంతులు వేసిరి. నిలిపినదెవరో మేము చెప్పువఱకు వారెఱుగరు.

వ్రేళ్లలో స్వభావము కనబడుననుట నిజమే. కాని ముద్ద దొరకినవారిదే గదా కనబడును! మీ యింటను గడపకడ నిలుచున్నవారెవరో ఈ చవితికి ముందే యొకసారి చూచుకొనుడు.

మఱొక్క మాట. మట్టిలో కొంచెము దూది కలిపి మెదిపిన బీటలు తగ్గును. బొమ్మలను నీడనే ఆరబెట్టవలెను. గురివిందగింజ నమలిన విషము గనుక లెక్కపెట్టి తీసి, పనియైన పిదప లెక్కచూచి దాచుడు.

ఈ యేడు మా యింట మొదటి ముద్ద మా తోడికోడలిదే.