వెచ్చని గదికి తాళం

ఈ వారం రాద్దామనుకున్నది వేరే. కానీ మొన్న శనివారం మా పిల్లలు పరుగులు నేర్చుకునే క్లబ్బులో సామాన్ల గది సర్దుతుంటే పాత అట్టముక్క ఒకటి దొరికింది. బాణం గుర్తు వేసి, దాని కింద "హాలు మూసి ఉంది, లోపలికి ఇటు" అని ఇంగ్లీషులో రాసుంది. రాత నాదే. 2020 చలికాలంలో రాసిన బోర్డు. పారేద్దామని తీశాను గానీ పారేయలేకపోయాను. ఇప్పుడు కీబోర్డు పక్కనే పెట్టుకుని ఇది టైపు చేస్తున్నాను.

కొత్తగా చదువుతున్నవాళ్ళ కోసం ఒక ముక్క: నేనుండేది ఐర్లండ్‌లో నేస్ అనే ఊళ్ళో. డబ్లిన్‌కి నైరుతిగా, కిల్డేర్ కౌంటీలో ఉంటుంది. గుర్రప్పందేలకి పేరున్న ఊరు. ఇక్కడ మంచు ఎప్పుడో గాని పడదు. పడేదంతా వానే.

కానీ ఈ కథ మంచుతోనే మొదలైంది. ఇంజనీరింగ్‌లో నా రూమ్మేట్ మిన్నెసోటాలో ఉంటాడు. నరసరావుపేట ఎండల్లో పెరిగినవాడు. వాడికి క్రాస్ కంట్రీ స్కీయింగ్ పిచ్చి ఎలా పట్టిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. 2020 మార్చి 17న మినియాపోలిస్‌లోని థియోడర్ వర్త్ పార్కులో ఆ ఆట ప్రపంచ కప్పు పోటీ జరగాల్సి ఉంటే, వాలంటీరుగా పేరిచ్చి నెల రోజులు మా అందరి చెవులూ కొరికాడు. తీరా కొద్ది రోజుల ముందు కోవిడ్ వల్ల పోటీ రద్దయింది. అప్పటినుంచి వాడి ధ్యాసంతా వాళ్ళ ఊరి పక్కనున్న చిన్న స్కీ ఏరియా మీదకి మళ్ళింది. అక్కడ లిఫ్టులు లేవు, హోటళ్ళు లేవు. అడవిలో కొన్ని కిలోమీటర్ల దారి, మంచుని చదును చేసి గాడులు తీసే బండి ఒకటి, కట్టెల పొయ్యి ఉన్న గది ఒకటి. అంతే.

ఆ అక్టోబరులో ఒక ఆదివారం ఫోన్ చేసి, "ఈ ఏడు గదికి తాళం వేస్తున్నాంరా" అన్నాడు, ఇంట్లో ఎవరికో బాగోలేదన్నంత దిగులుగా.

"దాందేముంది? మీరు తిరిగేది బయటే కదా!" అన్నాను.

"నీకేం తెలుసు" అని క్లాసు మొదలుపెట్టాడు.

మనం సినిమాల్లో చూసే స్కీయింగ్ వేరు, ఇది వేరు. అక్కడ లిఫ్టులో కొండెక్కి జర్రున జారిపోతారు. ఇందులో లిఫ్టు ఉండదు. మిట్టలైనా పల్లాలైనా కాళ్ళతోనూ చేతికర్రలతోనూ తోసుకుంటూ పోవాలి. సున్నాకి పదిహేను డిగ్రీల కిందనైనా ఒళ్ళంతా చెమట పడుతుంది. కదులుతున్నంత సేపూ బాగానే ఉంటుంది. ఆగితే ఆ తడి బట్టలే మనిషిని గడ్డకట్టిస్తాయి. అందుకే ఆ గది. బూట్లు మార్చుకోవడం, తడి చొక్కా విప్పడం, పిల్లల చేతులు పొయ్యి దగ్గర కాచడం, వేడిగా ఏదైనా తాగడం, అన్నీ అక్కడే. "దారి సగం, గది సగంరా. ఆ సగానికి తాళం వేసి మిగతా సగం ఎలా నడపాలా అని ఇప్పుడు మీటింగులు పెట్టుకుంటున్నాం" అన్నాడు.

తాళం ఎందుకో ఇద్దరికీ తెలుసు. ఆ ఏడాది మొదట్లో ఆస్ట్రియాలో ఇష్గల్ అనే స్కీ ఊరి నుంచి వైరస్ యూరప్ అంతా పాకింది. అక్కడ స్కీయింగ్ చేసి తిరిగొచ్చిన వాళ్ళలో జబ్బు బయటపడటంతో, మార్చి 5నే ఐస్‌లాండ్ ఆ ఊరిని ప్రమాదకర ప్రాంతంగా ప్రకటించింది. అంటుకున్నది కొండ మీది మంచులో కాదు, సాయంత్రాలు అందరూ ఒకరినొకరు ఒరుసుకుంటూ నిలబడే బార్లలో. అంటే చలి నుంచి కాపాడే చోటే ఆ ఏడాది ప్రమాదమైన చోటు.

వాడు చెప్పేదంతా నాకు కొత్తగా ఏమీ అనిపించలేదు. నేనూ అదే పనిలో ఉన్నాను మరి.

ఆ ఆగస్టులో కిల్డేర్, లీష్, ఆఫలీ కౌంటీలకి విడిగా ఆంక్షలు పెట్టారు. మిగతా రెండింటికీ ముందే ఎత్తేసి, మా కిల్డేర్‌ని మాత్రం ఆ నెలాఖరు దాకా వదల్లేదు. అది అయిందనుకుంటే అక్టోబరు 21 అర్ధరాత్రి నుంచి దేశం మొత్తానికి లెవెల్ 5. వ్యాయామానికైనా ఇంటినుంచి అయిదు కిలోమీటర్లు దాటకూడదు. బడికెళ్ళే పిల్లలకి మాత్రం ఒక్క వెసులుబాటు ఇచ్చారు. ఆరుబయట, ఒకరినొకరు తాకకుండా, పదిహేను మంది చొప్పున శిక్షణ చేసుకోవచ్చు. దాన్ని చూసుకోవడానికి క్లబ్బుకో కోవిడ్ ఆఫీసరు కావాలి. "నీకు కంప్యూటర్లు వచ్చుగా" అని ఆ టోపీ నా నెత్తిన పెట్టారు.

మాకున్నది ఒక మైదానం, పక్కన చిన్న హాలు. హాల్లో కెటిలు, బిస్కట్ల డబ్బా, బట్టలు ఆరేసుకోవడానికి ఒక హీటరు. మా "వెచ్చని గది" అదే. ముందు దానికి తాళం వేశాం. తర్వాత లోపలికో గేటు, బయటికో గేటు. ఒక బ్యాచి వెళ్ళాక పావుగంట ఆగి ఇంకో బ్యాచి. నేల మీద కోన్లు. నవంబరులో ఇక్కడ అయిదింటికే చీకటి కాబట్టి ఫ్లడ్ లైట్లు. రిలే బ్యాటన్లు మూటకట్టి పైన పెట్టేశాం, ఒకరి చేతిలోది ఇంకొకరు అందుకోవడమే కదా రిలే అంటే. పిల్లలు ఉత్త చేతులతో, గాల్లో అందుకున్నట్టు నటిస్తూ పరిగెత్తారు. వాన పడితే ఎవరి కార్లోకి వాళ్ళు. అమ్మానాన్నలు కారు దిగకూడదు.

ఇక నేను గర్వపడిన సంగతి, ఆన్‌లైన్ ఫాం. ప్రతి వారం ఆరోగ్య ప్రశ్నలు, పేరు, ఫోన్ నంబరు, పదిహేను స్లాట్లు. ఆదివారం రాత్రి తొమ్మిదింటికి తెరిస్తే అయిదు నిమిషాల్లో నిండిపోయేది. నిండగానే దానంతట అదే మూసుకుపోయి, పేర్ల జాబితా నా ఫోనుకి వచ్చేది. ఆఫీసులో నెలలు పట్టే పనులు చూసి చూసి, ఒక్క రాత్రిలో కట్టిన ఆ చిన్న ఫాం నాకెంత ముద్దొచ్చిందో చెప్పలేను.

గేటు దగ్గర టిక్కులు పెట్టే డ్యూటీ కూడా నాదే. రెండో వారం అనుకుంటా, సన్నగా వాన పడుతోంది. తొమ్మిదేళ్ళ పిల్లాడొకడు నడుచుకుంటూ వచ్చాడు. జాబితా చూశాను. పేరు లేదు. "సారీ బాబూ, ఈ వారం నీ పేరు లేదు" అన్నాను. వాడు గొడవ చేయలేదు, ఎందుకని అడగలేదు. "ఓకే" అని వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. వెనకున్న పాపకి టిక్కు పెట్టాను. అంతే, మళ్ళీ గుర్తు కూడా రాలేదు.

తర్వాతి వారం కోచ్ అడిగింది, "ఆ పిల్లాడు కనబడటం లేదేం?" అని. మార్చికి ముందు వాడు ఒక్క రోజు కూడా మానేవాడు కాదట. అమ్మమ్మ దగ్గర పెరుగుతున్నాడు. ఆవిడ దగ్గర ఉన్నది బటన్ల ఫోను. ఇంట్లో కంప్యూటర్ లేదు, కారు లేదు. ఆవిడ వింటూ ఉండగానే నాకు గేటు, వాన, ఆ "ఓకే" అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి.

ఆ రాత్రి నిద్ర పట్టక నా రూమ్మేట్‌కి ఫోన్ చేశాను. వాళ్ళకి అప్పుడు సాయంత్రం. జరిగింది చెబితే కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "మేం గేటు మీద 'మీ కారే మీ గది' అని బోర్డు పెట్టాంరా. అందరూ బాగుందన్నారు. చివర్లో ఒక పెద్దాయన లేచి, 'కారు లేనివాడి గది ఏది?' అన్నాడు. ఒక్కరి దగ్గరా జవాబు లేదు."

వాళ్ళు చేసింది చాలా మామూలు పని. మూడు వైపులా గాలి ఆడేట్టు, ఒక్క వైపు మాత్రం గాలికి అడ్డుగా రేకులు కొట్టి చిన్న పాక వేశారు. అద్దె స్కీలలో కొన్ని జతలు ఆన్‌లైన్ బుకింగులో పెట్టకుండా పక్కన ఉంచి, ఫోన్ చేసినవాళ్ళకి ఇచ్చారు. ఫోన్ ఎత్తే పని ఆ పెద్దాయనే తీసుకున్నాడు.

నేను కాపీ కొట్టాను. పదిహేనులో మూడు సీట్లు ఫాంలోంచి తీసేశాను. కోచ్‌కి ఫోన్ చేసో, ఇంటి గుమ్మం దగ్గర చెప్పో పేరు రాయించుకునేవాళ్ళకి అవి. వాన పడితే నిలబడటానికి మైదానం మూల పక్కలు లేని టెంటు ఒకటి వేశాం. ఈ మొత్తానికి నాకు పట్టింది ఇరవై నిమిషాలు. ఫాం కట్టిన రాత్రే తట్టి ఉంటే రెండు నిమిషాలు.

కోచ్‌తో కలిసి ఆ అమ్మమ్మగారి ఇంటికి వెళ్ళాను. ఆవిడ గుమ్మంలో, మేం గేటు బయట. క్షమించమని అడిగాను. ఆవిడ కోప్పడలేదు. "నువ్వు కావాలని చేశావని నేను అనుకోవడం లేదు. కానీ వాడు ఇంటికొచ్చి, 'నా పేరు తీసేశారు' అన్నాడు. తీసేయలేదు, రాయలేదంతే అని చెప్పాను. వాడికి రెండూ ఒకటే" అంది. వాడు కాలువ గట్టు మీద రోజూ ఒక్కడే పరిగెడుతున్నాడట. ఆ మాట వింటే ఊరట కలగలేదు, ఇంకా సిగ్గేసింది.

డిసెంబరులో వచ్చాడు. నాలుగు వారాలు పరిగెత్తాడు. క్రిస్మస్ తర్వాత కేసులు విపరీతంగా పెరిగి మళ్ళీ అన్నీ మూతబడ్డాయి. ఈసారి పిల్లల శిక్షణ కూడా బందు. ఏప్రిల్ 26న గానీ తెరవనివ్వలేదు. మా గేట్లూ కోన్లూ టెంటూ అన్నీ ఆ నాలుగు వారాల కోసమే అన్నట్టయింది. అక్కడ మావాడి స్కీ ఏరియాకి మాత్రం ఎన్నడూ లేనంత మంది వచ్చారు, ఇంకెక్కడికీ పోలేని జనం కదా. ఫిబ్రవరిలో భయంకరమైన చలి వచ్చినప్పుడు, గది లేకుండా పిల్లల్ని బయటికి పంపడం తగదని కొన్ని రోజులు వాళ్ళే మూసేశారు. స్వీడన్‌లో 90 కిలోమీటర్ల వాసలోపెట్ పోటీని ఆ మార్చిలో పెద్ద క్రీడాకారులతో మాత్రమే నడిపారు. మామూలుగా వేలమంది పాల్గొనే పండగ అది. ఎవరిని రానివ్వాలి, ఎవరిని ఆపాలి అన్న లెక్క ఆ ఏడు అందరికీ తప్పలేదు.

అదే ఏడు మే నెలలో ఖమ్మం నుంచి అమ్మ ఫోన్ చేసింది. "ఒరే చిన్నా, మనకి పాలు పోసే అబ్బాయికి టీకా కావాలంట. ఏదో కోవిన్ అంట, దాంట్లో పేరెక్కించాలంట. నీకు తెలుసుగా" అంది. 18 నుంచి 44 ఏళ్ళ వాళ్ళు ముందుగా ఆన్‌లైన్‌లో నమోదు చేసుకోవాలన్న రోజులవి. ఇక్కడి నుంచే పేరెక్కించాను. స్లాట్ మాత్రం దొరకలేదు. కొందరు ఇంజనీర్లు స్లాట్ తెరుచుకోగానే కబురు చెప్పే ప్రోగ్రాములు రాసుకున్నారు. పాలబ్బాయికి అలాంటివి ఎవరు రాస్తారు? ఆ నెల 31న సుప్రీంకోర్టు కూడా ఇదే అడిగింది, ఇంటర్నెట్ లేనివాళ్ళ సంగతేమిటని. తర్వాత నేరుగా వెళ్ళి నమోదు చేయించుకునే వీలు వచ్చింది. ఆ వార్తలు చదువుతూ నేను ప్రభుత్వాన్ని తిట్టుకోలేకపోయాను. వాళ్ళది కోట్ల మందికి కట్టిన ఫాం, నాది పదిహేను మందికి. పదిహేనులోనే తప్పు చేసినవాణ్ణి.

ఇదంతా ఇప్పుడెందుకంటే, క్లబ్బులో కొత్త కమిటీ వచ్చింది. అన్నీ ఒక యాప్‌లో పెడదామంటున్నారు. మంచిదే. కట్టమని నన్నే అడిగారు. "ఈ మూడు సీట్లు ఫోన్లో ఎందుకు? కోవిడ్ పోయిందిగా, అవీ యాప్‌లో కలిపేయ్" అన్నారు. వాళ్ళది దురుద్దేశం కాదు. ఆ రాత్రి నాదీ కాదు.

గురువారం మీటింగు. హాల్లోనే, కెటిలు పక్కన. ఈ అట్టముక్క వెనకవైపు ఖాళీగా ఉంది. అక్కడ కోచ్ నంబరు పెద్ద అక్షరాలతో రాసి పట్టుకెళ్తున్నాను, గేటుకి కట్టడానికి.