మరణ గణితము: ఎవరి లెక్కలో ఎవరు?

పసుపు బజారులో కొమ్మును, మండను ఒకే రాశిగా పోసి ధర కట్టరు. ఆర్మూరు ప్రాంతపు రైతుబిడ్డలకు ఇది తెలిసిన సంగతియే. కాని దేశముల మరణసంఖ్యలను పోల్చునపుడు చదువుకొన్నవారు సైతము ఈ చిన్న నియమమును మరచుచుందురు.

ఖతారు దేశమున ఏటా వేయిమందికి సుమారు ఒకరు మరణించుచున్నారు. మన దేశమున 6 లేక 7గురు. జపానున ఇటీవలి సంవత్సరములలో సుమారు 13 మంది. ఈ అంకెలనే నమ్మిన విద్యార్థి, జపాను రోగగ్రస్తమైన దేశమని తలపవచ్చును. నిజమునకు జపానువారి సగటు ఆయుర్దాయము 84 ఏండ్లు. మనది 70కి కొంచెము పైన. అచ్చట వృద్ధులు అధికము గనుక మరణములును అధికము. ఖతారున వృద్ధులు మిక్కిలి తక్కువ.

ఈ చిక్కును తప్పించుటకే అకాలమరణము అను వేరొక కొలత ఏర్పడినది. ముప్పది ఏండ్లు నిండిన నూరుమందిలో, డెబ్బదవ ఏడు రాకమునుపే గుండెజబ్బు, క్యాన్సరు, మధుమేహము, దీర్ఘకాలిక శ్వాసవ్యాధి, ఈ నాలుగింటిలో ఒకదానివలన మరణించు అవకాశము ఎందరికి గలదో ఇది తెలుపును. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2019వ సంవత్సరమునకు కట్టిన అంచనా ప్రకారము భారతదేశమున ఆ సంఖ్య సుమారు 22, జపానున 8, ఖతారున 11. దీనిని 2030 నాటికి మూడవవంతు తగ్గింపవలెనని 2015లో ఐక్యరాజ్యసమితి లక్ష్యముగా పెట్టినది.

జపానుతో పోల్చినపుడు ఈ కొలత మనకు చక్కని పాఠము చెప్పును. రక్తపోటును, మధుమేహమును ముందుగా కనిపెట్టి, విడువక మందు వాడించిన ఎన్నో ప్రాణములు నిలుచునని. కాని ఖతారుతో పోల్చినపుడు ఇదియును మోసపుచ్చును. అచ్చటి సుమారు 30 లక్షల జనములో అత్యధికులు పరదేశములనుండి వచ్చిన కార్మికులు. వారిలో భారతీయుల సంఖ్యయే పెద్దది. ఆర్మూరు, బాల్కొండ ప్రాంతములనుండి గల్ఫునకు పోవువారు మొదట వైద్యపరీక్షలో నెగ్గవలెను. క్షయ కనబడిన వానికి వీసా లేదు. అనగా ఆ దేశము మన ఊళ్లనుండి ఆరోగ్యవంతులను ఏరి తీసికొనుచున్నది. రోగియైనవాడు, వయసు మీరినవాడు పని పోగానే తిరిగి రావలసినవాడే. ఎండలో చెమటోడ్చి మూత్రపిండములు చెడినవాడు ఇంటికి వచ్చి కన్నుమూసిన, ఆ మరణము భారతదేశపు లెక్కలో చేరును. శ్రమించిన సంవత్సరములు ఒక దేశపువి, మరణము వేరొక దేశపుది!

అచ్చటనే మరణించినవారి సంగతి యేమి? 2011 మొదలు 2020 వరకు ఖతారున 2,711 మంది భారతీయులు మరణించిరని 2021 ఫిబ్రవరిలో బ్రిటిషు పత్రిక గార్డియన్ ప్రకటించినది. వానిలో అత్యధికము సహజమరణములుగనే నమోదైనవి. జనసంఖ్యను బట్టి ఇది అసాధారణము కాదని ఖతారు ప్రభుత్వము వాదించినది. కేవల సంఖ్య దరము కాదన్నమాట నిజమే. కాని వైద్యపరీక్షలో నెగ్గిన యువకుల మరణములను సాధారణ జనముతో పోల్చుట న్యాయము కాదు. వారి ఈడువారైన ఆరోగ్యవంతులతోనే పోల్చవలెను. ఎండవేడిమికిని, నేపాళ కార్మికుల గుండెజబ్బు మరణములకును గల సంబంధమును 2019లో ఒక పరిశోధన చూపినది. 2021లో ఖతారు వేసవి నెలలలో ఉదయము 10 గంటలనుండి మధ్యాహ్నము 3.30 వరకు ఆరుబయటి పనిని నిషేధించినది.

మరణపత్రముపై వ్రాయబడు ఒక్క మాట కుటుంబముల భవిష్యత్తును నిర్ణయించుచున్నది. ప్రవాసి భారతీయ బీమా యోజన క్రింద 10 లక్షల రూపాయలు లభించునది ప్రమాదమరణమునకే. వడదెబ్బ తగిలి కూలినవానికి హృదయము ఆగినది అని వ్రాసిన, ఆ ఇంటికి ఆ సొమ్ము దక్కదు. 2024లో తెలంగాణ ప్రభుత్వము గల్ఫు మృతుల కుటుంబములకు 5 లక్షల సహాయము ప్రకటించుట మేలైన పనియే. కాని సహాయము మరణానంతరము వచ్చునది. సరియైన లెక్క మరణమును ఆపుటకు పనికివచ్చునది.

కావున పరదేశమున పడిన యువకుని మరణకారణమును శవపరీక్షచే తేల్చవలెను. తిరిగివచ్చినవారి ఆరోగ్యమును కొన్ని సంవత్సరములు గ్రామ ఆరోగ్యకేంద్రములు కనిపెట్టి, వారి మరణములను వేరుగా నమోదు చేయవలెను. ఉపాధ్యాయులు సగటును, దరమును బోధించునపుడు ఈ ఉదాహరణమును చెప్పుదురుగాక. హారములో ఎవరున్నారు, ఎవరిని తీసివేసిరి అని అడుగుట నేర్చిన బాలుడు రేపు తానే వీసా కాగితముపై చేవ్రాలు చేయునపుడు, ఆ ప్రశ్నను తన ప్రాణముకొరకై అడుగగలడు.