ఆఫర్ కన్నా అడుగు ముఖ్యం

ట్రెక్కింగ్ అనుకోగానే మనవాళ్లు ముందు తెరిచేది షాపింగ్ యాప్. సగం ధర అని కనిపిస్తే చాలు, సైజు కూడా సరిగ్గా చూడరు. మా జూలూరుపాడు వైపు ఎండాకాలంలో తునికాకు కోసేవాళ్లు మామూలు చెప్పులతోనే అడవంతా తిరుగుతారు. అది గొప్ప కాదు, గతిలేకపోవడం. కొనగలిగిన మనమైనా సరిగ్గా కొనాలి కదా!

నా దృష్టిలో కాలికి సరిపోయిందే మంచి బేరం. సాయంత్రానికి పాదాలు కాస్త ఉబ్బుతాయి, అప్పుడు కొలుచుకోండి. నడకకు వేసుకునే సాక్సులతోనే తొడిగి చూడండి. వేళ్ల ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి, లేదంటే గుట్ట దిగేటప్పుడు గోళ్లు నల్లబడతాయి. వాటర్‌ప్రూఫ్ అని వేలు పోయకండి. వాగులో నీళ్లు పైనుంచి లోపలికి పోతే అవి ఓ పట్టాన ఆరవు. చిన్న బ్యాగుతో ఒక్కరోజు నడకైతే త్వరగా ఆరే షూ, అడుగున లోతైన గాళ్లు చాలు. పోయినేడాది మోడల్ తక్కువకే వస్తుంది, కాలికి ఆ తేడా తెలీదు. రిటర్న్ ఉంటేనే కొని, ముందు ఇంట్లోనే నడిచి చూడండి.

2014 మే 25న మాలావత్ పూర్ణతో కలిసి ఎవరెస్ట్ ఎక్కిన సాధనపల్లి ఆనంద్ కుమార్ మా ఉమ్మడి ఖమ్మం జిల్లావాడే. ఆ మంచుకి ఆ బూట్లు కావాలి. మన గుట్టలకి ఎందుకు? మిగిలిన డబ్బు బస్సు చార్జీకి ఉంచుకోండి.