ద్రాక్షాసవ సంగ్రహాలయము చెప్పవలసిన కథ

ఇటలీ దేశపు వాయవ్యదిశను, పియెమాంటె సీమలోని లాంగే కొండల నడుమ, తన పేరనే లోకప్రసిద్ధమైన ద్రాక్షాసవమును కన్న బరోలో అను చిన్న గ్రామమున్నది. అచ్చటి ఫల్లెత్తి ప్రభువుల ప్రాచీన దుర్గమున 2010లో ద్రాక్షాసవ సంగ్రహాలయము నెలకొల్పబడినది. దానిని తీర్చిదిద్దిన ఫ్రాన్స్వా కొన్ఫీనో సందర్శకుని ముందుగా పై అంతస్తునకు ఎక్కించి, కాలచక్రమును, సూర్యచంద్రుల గతిని, కర్షకుని కష్టమును, చరిత్రలోను కళలలోను ద్రాక్షకు లభించిన స్థానమును చూపుచు, ఒక్కొక్క అంతస్తే దింపి, కట్టకడపట నేలమాళిగలోని ఆసవశాలకు చేర్చును. ఈ అవరోహణక్రమము మిక్కిలి యుచితమని నా అభిప్రాయము. ఏలయన నేలను, ఋతువును, మనుష్యశ్రమను ఎఱిగిన పిమ్మటగాని పాత్ర చేతికి రాదు.

ఆ నేలమాళిగలో జరుగునది పానమహోత్సవము కాదు. 11 గ్రామముల పరిధిలో పండిన నెబ్బియోలో ద్రాక్షతో మాత్రమే బరోలో చేయవలెననియు, కోత జరిగిన యేటి నవంబరు మొదలుకొని 38 నెలలైనను, అందు 18 నెలలు కొయ్యపీపాలలోను, పరిపక్వము కానిదే అది అమ్మకమునకు రారాదనియు చట్టము శాసించుచున్నది. అక్టోబరు వఱకు తీగను వీడని ఆ ఫలముయొక్క ఆసవము తొలిప్రాయమున నాలుకను పట్టు వగరుతో నుండి, ఏండ్లు గడచినకొలది మెత్తబడును. పాత్రలో పోసిన కొద్దిపాటి ఆసవమును వెలుతురునకెత్తి వర్ణము చూచి, మెల్లగా త్రిప్పి వాసన పట్టి, నోట పుక్కిలించి, కావలెనన్న ప్రక్కనుంచిన పాత్రలో ఉమిసివేయుట ఇట్టి శాలలలో మర్యాదయే. ఒక కొండవాలునకును మఱియొక కొండవాలునకును గల భేదమును రుచిచే గుర్తించుటయే ఆ విద్యకు ప్రయోజనము, మత్తు కాదు.

అయితే వైభవమును మాత్రమే భద్రపఱచు సంగ్రహాలయము విపణి యగునుగాని విద్యాలయము కాజాలదు. నేడు సంపన్నములైన ఈ కొండలే గతశతాబ్ది మధ్యకాలమున దారిద్ర్యమునకు నెలవులు. ఆల్బా పట్టణమున జన్మించిన బెప్పె ఫెనోల్యో 1954లో ప్రకటించిన ‘లా మలోరా’ యను కథ, పేదఱికముచే పరుల యింట పాలేరుగా కుదిరిన ఒక రైతుబిడ్డ దుఃఖగాథ. కూనెయో వాసి నూతో రెవెల్లి ఆ ప్రాంతపు వృద్ధరైతుల నోటిమాటలను సేకరించి 1977లో వెలువరించిన గ్రంథమును ఆ లేమికే సాక్ష్యము.

అంతకన్న దారుణమైనది 1986 నాటి వృత్తాంతము. బరోలోకు చేరువనున్న నార్జోలే నుండి వెలువడిన చౌక ఆసవములో, మద్యసారము హెచ్చుగా కనబడుటకై, లోభులైన వర్తకులు మిథైల్ ఆల్కహాలు కలిపిరి. ఇరువదిమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి, మఱికొందఱికి చూపు పోయినది. ఏ పాపమెఱుగని రైతుల సరుకుసైతము విదేశములలో అనుమానమునకు గురియై, ఎగుమతులు కుంగిపోయినవి. తనిఖీలు కఠినములైనవి, పరిమాణముకన్న నాణ్యమే శరణ్యమని ఉత్పత్తిదారులు గ్రహించిరి. 2014లో ఆ ద్రాక్షతోటల సీమకు యునెస్కో ప్రపంచవారసత్వ గౌరవము లభించినది. ఆ గౌరవమును కీర్తించి ఆ మరణములను విస్మరించుట అర్ధసత్యము.

ఇది చదువు తెలుగువారికి, నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు 1990ల తొలినాళ్ళలో సారాపై సాగించిన పోరాటము స్మరణకు రాక మానదు. భర్త కూలి సారాదుకాణమునకు పోగా పస్తులున్న ఆ యిల్లాండ్రు, మద్యమునకు మందిరమేల యని ప్రశ్నించినచో, ఆ ప్రశ్నను తోసిపుచ్చు హక్కు ఎవ్వరికిని లేదు. నా సమాధానమొక్కటే: సంగ్రహాలయము గౌరవింపవలసినది మద్యమును కాదు, నేలను, నేర్పును, నియమమును. ఆ నియమము తప్పినప్పుడు కూలినది ఎవరి బ్రదుకులో చెప్పుటయు ఆ గౌరవములో భాగమే.

కావున పియెమాంటెలోని యే సంగ్రహాలయమైనను, సందర్శకుని ఆసవశాలకు పంపుటకు ముందు, పాలేరుతనమున బాల్యము పోగొట్టుకొన్న పిల్లల కథకును, 1986 మృతుల కథకును ఒక గది కేటాయింపవలెను. దానివలన బరోలో కీర్తికి లోపము కలుగదు. ఆ 38 నెలల నిరీక్షణ వర్తకుని ఆడంబరము కాదనియు, త్రాగువాని ప్రాణమునకు చేయువాడు పూచీపడుటయే యనియు ఆ గదిని చూచినవారికి బోధపడును.